స్కానింగ్ గదిలో బోరుబండి

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఎదుటి మనిషికి ధైర్యం చెప్పడమంటే, అతను భయపడటానికి వీలున్న విషయాలన్నీ ఒక్కటీ వదలకుండా ఏకరువు పెట్టి, వీటిలో ఏదీ జరగదని హామీ ఇవ్వడం అని. కర్నూలులో ఒక స్కానింగ్ సెంటరులో కొత్తగా చేరిన మొదటి రెండు నెలల్లో ఈ పద్ధతిలో చాలామందికి ధైర్యం చెప్పాను. వాళ్లలో కొందరు ఇప్పటికీ నేను ఎదురుపడితే రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్లిపోతారు. (ట్రాఫిక్ ఎంత ఉన్నా సరే. నా ధైర్యం కంటే లారీలు నయమని కాబోలు.)

డిగ్రీలో ఫిజిక్సు చదివి, ఆపైన స్కానింగు డిప్లొమా ఒకటి చేసి ఆ ఉద్యోగంలో చేరాను. ఎం.ఆర్.ఐ. యంత్రమంటే పెద్ద అయస్కాంతం, దాని నడుమ ఒక గొట్టం. మనిషిని బల్ల మీద పడుకోబెట్టి ఆ గొట్టంలోకి జరుపుతాం. అరగంట సేపు అది డబడబా, టకటకా, గుర్రుగుర్రున మోగుతుంది. ఆ అరగంటా లోపలి మనిషి కదలకూడదు, కదిలితే ఫోటో పాడవుతుంది. అంటే యంత్రం ఎంత గోల చేసినా పరవాలేదు, మనిషి మాత్రం బుద్ధిగా ఉండాలి. అయస్కాంతం గురించి నాకు బోలెడు తెలుసు. పరీక్షలో అడిగింది కూడా దాని గురించే. మనిషి గురించి ఎవరూ ఒక్క మార్కు ప్రశ్నయినా ఇవ్వలేదు.

ఒక పెద్దమ్మకు నేను చెప్పిన ధైర్యం నాకింకా అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "భయపడొద్దు పెద్దమ్మా. లోపల ఊపిరాడకపోవడం ఏమీ ఉండదు. బల్ల ఇరుక్కుపోవడం మన దగ్గర ఇంతవరకూ జరగలేదు. కరెంటు పోయినా చేత్తో లాగి బయటికి తీస్తాం. చూడటానికి అట్లుందిగానీ అదేమీ సమాధి కాదు." సమాధి అనే మాట అంతవరకూ ఆమె తలలో లేదు. నేనే శ్రద్ధగా మోసుకెళ్లి పెట్టాను. ఆమె బల్ల దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, బస్టాండు దాకా ఆగకుండా నడిచిందని తర్వాత ఆమె కొడుకు చెప్పాడు. (నడుం నొప్పితో నడవలేకపోతోందనే ఆమెను తీసుకొచ్చారు. ఆ లెక్కన నా చికిత్స పనిచేసిందనే అనాలి.)

మా సెంటరులో ఒక సీనియర్ నర్సు ఉండేది. పెద్ద డాక్టరు మొదలుకొని వాచ్‌మన్ దాకా ఆమెను అందరూ అక్క అనే పిలిచేవాళ్లు. ఆత్మకూరు దగ్గరి పల్లె ఆమెది. వాళ్ల నాయన వారమంతా కూలికి పోయి, ఆదివారం చర్చిలో అందరికంటే ముందు పాట ఎత్తుకునేవాడట. ఆ గొంతు ఈమెకు వచ్చింది. బయట వరండాలో ఆమె మాట్లాడుతుంటే లోపల గొట్టంలో ఉన్న మనిషి గుండె నిదానించేది. ఆ పెద్దమ్మ వెళ్లిపోయిన రోజు నన్ను పక్కకు పిలిచింది.

"ఏమప్పా, నువ్వు వాళ్లకి ధైర్యం చెప్తాండావా, లిస్టు చదువుతాండావా? భయపడొద్దు అంటే వాళ్ల చెవిలో పడేది భయం ఒకటే. సూది గుచ్చేటప్పుడు నొప్పుండదు అని చెప్పి చూడు, యాడుందబ్బా ఆ నొప్పి అని వెతుక్కుంటారు."

"మరి ఏం చెప్పాలక్కా?"

"ఉండేది చెప్పు. గాలి చల్లగా వస్తాది అని చెప్పు. నేను ఈడనే ఉంటా అని చెప్పు. అంతే."

అక్క పద్ధతి నిజంగానే అంతే. మనిషి తల లోపలికి పోయినా కాళ్లు బయటే ఉంటాయి. అక్క వెళ్లి కాలి బొటనవేలు పట్టుకుని నిలబడేది. ఒక్క మాట మాట్లాడేది కాదు. వేలు పట్టుకుంటే మనిషి నిలుస్తాడని ఆమె సిద్ధాంతం. ఫిజిక్సులో ఇది ఎక్కడా లేదు గనుక నేను దాన్ని పట్టించుకోలేదు.

నేను పట్టించుకున్నది శిక్షణను. నగరం నుంచి ఒకాయన వచ్చి, ఏసీ హాల్లో మమ్మల్ని కూర్చోబెట్టి, రోగి మనసును మాటలతో వేరే చోటికి తీసుకెళ్లాలని చెప్పాడు. "సముద్రతీరం. మెత్తని ఇసుక. అలలు మెల్లగా వచ్చి పాదాలను తాకుతున్నాయి. మీరు హాయిగా పడుకుని ఉన్నారు." ఇది వింటూ నేనే సగం నిద్రపోయాను. మరుసటి రోజే కర్నూలు పాతబస్తీ నుంచి వచ్చిన ఒక కిరాణా కొట్టు ఆయన మీద ప్రయోగించాను. మైకులో గొంతు బాగా తగ్గించి, "భాయ్, నీళ్లు మెల్లగా వస్తున్నాయి... పాదాలను తాకుతున్నాయి... ఇప్పుడు మోకాళ్ల దాకా..." అన్నాను. (మోకాళ్లు నా సొంత కల్పన.) ఆయన చేతిలో ఉన్న రబ్బరు బుడ్డ, అంటే ఇబ్బందైతే నొక్కమని మేమిచ్చేది, ఆటో హారన్‌లా ఆగకుండా మోగింది. బయటికి తీస్తే మనిషి ఒళ్లంతా చెమట. తర్వాత తెలిసింది, కర్నూలుకు వరదొచ్చిన ఏడాది ఆయన రెండు రోజులు మిద్దె మీదే కూర్చున్నాడని. "నీళ్ల మాట ఎత్తొద్దు సాబ్, నీకు దండం పెడతా" అని నా చేతులు పట్టుకున్నాడు. మా ఊళ్లలో సగంమంది నీళ్లు లేక ఏడుస్తారు, మిగతావాళ్లు వచ్చిన నీళ్లను తలచుకుని ఏడుస్తారు. ఈ సంగతి శిక్షణ ఇచ్చినాయనకు తెలియదు. నాకు తెలిసి ఉండాల్సింది.

ఇలాంటి ఘనకీర్తి మూటగట్టుకున్నాక నా చేతికి దొరికాడు డోన్ పెద్దాయన.

డోన్ అవతల మెట్టపొలాల ఆసామి. ఊళ్లో పదిమందికి మంచీ చెడ్డా చెప్పే మనిషి. నడుములో నరం నొక్కుకుపోయి కుడికాలు ఈడుస్తూ వచ్చాడు. ఆపరేషన్ చేయాల్సిన డాక్టరు తేల్చి చెప్పేశాడు: ఫోటో లేనిదే కత్తి పట్టను, ఆలస్యం చేస్తే ఆ కాలు మళ్లీ చెప్పిన మాట వినదు. మత్తిచ్చి తీద్దామా అంటే పెద్దాయనకు ఉబ్బసం, ఆ ఛాతీకి మత్తు వద్దన్నారు. కాబట్టి ఆయన మెలకువగా ఉండి, కదలకుండా పడుకుని తీరాలి. వేరే దారి లేదు.

మొదటిసారి వచ్చినప్పుడు ఆయన గొట్టం దాకా కూడా పోలేదు. ఆ పుణ్యం నాదే. అయస్కాంతం దగ్గరికి లోహం ఏదీ పోకూడదని, నేను రిజిస్టరులోంచి తల ఎత్తకుండా, "ఉంగరం, గడియారం, మొలతాడు తీసేయండి" అన్నాను. పెద్దాయన నన్నొకసారి చూసి, భుజం మీద తువ్వాలు సర్దుకుని, కాలు ఈడ్చుకుంటూ వెళ్లిపోయాడు. అక్క తల పట్టుకుంది. "బతికున్న మగోని మొలతాడు తీయమంటావా అప్పా? అది తీసేది యాడికి పోయేటప్పుడో తెలీదా నీకు?" తెలుసు. మా తాతకు తీసినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. కానీ యూనిఫాం వేసుకున్నాక తెలిసినవి కూడా తెలియకుండా పోతాయి. ఇంతా చేసి ఆ మొలతాడు ఉత్త నూలు. దానికి కట్టిన వెండి తాయెత్తు ఒక్కటి విప్పితే సరిపోయేది.

రెండోసారి తాయెత్తు విప్పి, లోపలికి పోయి, మొదటి చప్పుడుకే బుడ్డ నొక్కి బయటికొచ్చేశాడు. "లోపల బోరుబండి పెట్టినారేమప్పా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు.

మూడోసారి ఆయన భార్య లాక్కొచ్చింది. సన్నటి అవ్వ, మాట మాత్రం కొడవలి. "నాయనా, ఈ పొద్దు ఈయన్ని కట్టేసైనా తీయండి" అని, భర్త వైపు తిరిగి, "ఏడు బోర్లు ఏపిచ్చినప్పుడు లేని బెదురు ఈ గొట్టంలోకి పోనీకి ఏంటికి నీకు?" అంది.

"బోరు గుంతలోకి నేను పోలేదు గదే, పైపు పోయింది" అన్నాడు పెద్దాయన.

"ఏడిట్లో ఒగదాంట్లో అన్నా నీళ్లు పడినాయా?"

"ఏడూ దుమ్మే. ఎనిమిదోది పడతాది. నీళ్లు చూసేటోని అరచేతిలో టెంకాయ నిలువునా లేసి నిలబడింది. తూర్పు చేన్లో, యాపచెట్టు పక్కన." ఆ మాట చెబుతున్నప్పుడు మాత్రం ఆయన ముఖంలో బెదురు లేదు. ఈడ్చే కాలును కూడా ఒక్క క్షణం మరిచిపోయినట్టున్నాడు. కాలు బాగైతే చేయబోయే మొదటి పని అదేనని తెలుస్తూనే ఉంది. వెంటనే గొట్టం వైపు చూశాడు. బెదురు తిరిగొచ్చింది.

అప్పుడు నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. (నాకొచ్చిన మెరుపులన్నిటికీ వెనకే పిడుగు ఉంటుందని అప్పటికింకా తెలియదు.) ఆయనకు ఈ చప్పుడు బోరుబండిలా ఉంది కదా. ఉండనీ. సముద్రానికెందుకు, తూర్పు చేనికే తీసుకెళ్తాను.

తాయెత్తు విప్పి అవ్వ కొంగుకు ముడేసుకుంది. పెద్దాయన పడుకున్నాడు. చెవుల్లో దూది పెట్టి, చేతికి బుడ్డ ఇచ్చాం. బల్ల లోపలికి జరిగింది. అక్క వెళ్లి కుడికాలి బొటనవేలు పట్టుకుంది. నేను అద్దానికి ఇవతల నా గదిలో కూర్చుని మైకు నొక్కాను. పక్కన స్టూలు మీద అవ్వ.

"పెద్దాయనా, తూర్పు చేన్లో వేపచెట్టు నీడన పడుకున్నారు. బోరుబండి వచ్చింది. టెంకాయ నిలబడిన చోటే పెట్టారు. ఇప్పుడు మొదలవుతుంది." యంత్రం డబడబలాడింది. నేను ఊపిరి బిగబట్టి తెర చూశాను. బుడ్డ మోగలేదు. మొదటి వరస ఫోటోలు శుభ్రంగా వచ్చాయి. నాకు రెక్కలు మొలిచాయి.

"కేసింగు దింపారు పెద్దాయనా. వంద అడుగులు. ఎర్రమట్టి అయిపోయింది." టకటకటక. "ఇదిగో, రాయి తగిలింది. నల్లరాయి." గుర్రుగుర్రు. అవ్వ నా వైపు వింతగా చూస్తోంది. ఫోటోలు ఒకదాన్ని మించి ఒకటి వస్తున్నాయి. "రెండు వందల డెబ్బై. రాతిపొడి బూడిద రంగు తిరిగింది." గొట్టంలోంచి ఆయన గొంతు వినబడింది, చాలా నెమ్మదిగా: "తడి తగిలిందా అప్పా?"

సరిగ్గా అక్కడ నాకు పిడుగు కనబడింది. ఇంకా ఒక్క వరస మిగిలి ఉంది. అన్నిటికంటే పొడవైనది, ఆరు నిమిషాలు. డాక్టరుకు కావాల్సిన నరం కనబడేది అందులోనే. ఇప్పుడు నేను నీళ్లు పడ్డాయంటే, ఏడు బోర్లు ఎండిన మనిషి పడుకునే ఉంటాడా? లేచి కూర్చోబోతాడు, తల పైన కొట్టుకుంటుంది. పడలేదంటే ఎనిమిదోదీ దుమ్మేనని బుడ్డ నొక్కుతాడు. ఆ కాలు ఆరు నిమిషాల మీద వేలాడుతోంది. దాన్ని అక్కడ వేలాడదీసినవాణ్ణి నేనే. నా అరచేతులు తడిశాయి. (ఆ గదిలో ఆ రోజు తగిలిన తడి అదొక్కటే.)

"ఇంకొక్క... ఇరవై అడుగులు పెద్దాయనా" అన్నాను. గొంతు నాది కాదనిపించింది. నిమిషం తర్వాత మళ్లీ ఇరవై. తర్వాత పది. "రాయి గట్టిగా ఉంది, నిదానంగా పోతున్నారు." అవ్వ కూడా స్టూలు మీద ముందుకు జరిగి అద్దానికి ముక్కు ఆనించింది. "పడతాయంటావా నాయనా?" అని నన్నే అడిగింది. నేను తల ఊపాను. ఏమని ఊపానో నాకే తెలియదు. గొట్టంలోని ఫ్యాను జోరు పెంచాను. "చల్లగాలి వస్తోందా పెద్దాయనా?" "వస్తాండాది." "అది బోరులోంచే." యంత్రం ఆగింది. తెర మీద నరం, నొక్కుకుపోయిన చోటుతో సహా, గీత గీసినట్టు కనబడింది. బల్ల పూర్తిగా బయటికి జరిగేదాకా ఆగి, మైకులో అరిచాను: "పడ్డాయి పెద్దాయనా! నీళ్లు పడ్డాయి!"

ఆయన లేచి కూర్చున్నాడు. దూది తీసుకున్నాడు. గది తలుపు దగ్గరికి వచ్చిన నన్ను నిదానంగా చూశాడు. "ఎన్ని అడుగులకప్పా?"

"మూడు వందల ఇరవై" అన్నాను.

"మూడు వందల ఇరవై" అని ఆయన భార్యకు చెప్పాడు. "గ్యాపకం పెట్టుకో." ఆమె తాయెత్తు ముడి విప్పుతూ, పెట్టుకుంటానన్నట్టు తలూపింది.

వాళ్లు వెళ్లాక అక్క చేతులు కడుక్కుంటూ, "ఫోటో బాగా తీసినావు" అంది. నేను ఉప్పొంగబోయేలోపల, "ఎనిమిదో బోరు గూడా నువ్వే ఏపిస్తాండావు" అంది.

ఆ మాట నన్ను నాలుగు నెలలు వదల్లేదు. ఆపరేషన్ జరిగిందని, కాలు నిలబడిందని డాక్టరు ద్వారా తెలిసింది. సంతోషించాల్సిందే, సంతోషించాను కూడా. కానీ కాలు నిలబడిందంటే మనిషి తూర్పు చేనికి నడుస్తాడు. నడిస్తే బోరు వేయిస్తాడు. మూడు వందల ఇరవై దగ్గర దుమ్ము లేస్తుంది. అప్పుడాయన ఎవరి మొహం గుర్తుచేసుకుంటాడు? డోన్ రోడ్డు మీద బోరుబండి కనబడితే చాలు, తల తిప్పుకుని పక్క సందులోకి మళ్లేవాణ్ణి. ఒకటి రెండుసార్లు ఫోన్ చేసి నిజం చెప్పేద్దామని రిజిస్టరులో నంబరు కూడా వెతికాను. ఏమని చెప్పాలి? "పెద్దాయనా, మీరు ఆ రోజు వేపచెట్టు కింద లేరు" అనా?

వేసవి వెళ్లేముందు ఒక పొద్దున వాళ్లే వచ్చారు. పెద్దాయన ముందు, ఆయన అడుగులకు అందుకోలేక అవ్వ వెనక. కాలు ఈడవడం లేదు. నేను లేచి నిలబడ్డాను. కుశలం అడగాల్సింది పోయి, నోటికి అదే వచ్చింది. "బోరు వేయించారా పెద్దాయనా?"

"యాడ?"

"అదే... వేపచెట్టు పక్కన. మూడు వందల ఇరవై..."

పెద్దాయన భార్య వైపు తిరిగాడు. "ఒసే, ఈ పిల్లోడు నిజమనుకున్యాడే!" ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెనక ఎక్కడో అక్క నవ్వు వినబడింది.

"ఏడు బోర్లు ఏపిచ్చినోనికి బోరుబండి సప్పుడు తెలీదా అప్పా? అది ఇంత శుద్ధంగా మోగుతాదా? నడిమధ్యన డీజిలు అయిపోతాది, డ్రైవరు తిడతాడు, టీ కావాలంటాడు. మీ దాంట్లో అవేమీ ల్యా."

"మరి... అంత కదలకుండా ఎట్లా పడుకున్నారు?"

"నీ గొంతు ఇనలేకపోయినా సామీ" అన్నాడు పెద్దాయన, ఎంతో దయగా. "నల్లరాయి అంటావు, వణుకుతావు. ఇరవై అడుగులు అంటావు, మల్ల వణుకుతావు. లోపల పండుకునింది నేను, బెదురుకునేది ఈ పిల్లోడు. ఇంగ నేను గూడా కదిల్తే వీడు ఏడుస్తాడేమో అనుకున్యా. సరే పోనీలే పాపమని, తడి తగిలిందా అని నేనే ఒక మాట అడిగినా. నీకు కొంచెం ధైర్యమొస్తాదని."

అని సంచిలోంచి ఒక టెంకాయ తీసి నా చేతిలో పెట్టాడు. "ఇది నీకే. ఎప్పుడన్నా ఈ గొట్టం ఉద్యోగం పోయినా, నీళ్లు చూసుకోని బతకొచ్చు." ఎనిమిదో బోరు సంగతి మళ్లీ అడిగే ధైర్యం నాకు చాలలేదు. వేయించాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. టెంకాయను అక్క ఆ సాయంత్రమే పచ్చడి చేసి మరుసటి రోజు అందరికీ పెట్టింది. నాకు రెండోసారి కూడా వడ్డించింది, ఎందుకో చెప్పకుండా.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ గొట్టం పక్కనే బతికాను. భయం అనే మాట నోట రాకుండా మాట్లాడటం నేర్చుకున్నాను. బొటనవేలు పట్టుకోవడమూ నేర్చుకున్నాను. ఉద్యోగంలో పైకి పోయేకొద్దీ మనుషుల్ని చూసే పని తగ్గి కాగితాలు చూసే పని పెరిగింది. అక్క రిటైరయి ఆత్మకూరు వెళ్లిపోయింది. కాగితాల మీదికి వంగీ వంగీ మొన్న నా మెడ పట్టేసింది. కడపలో ఉండగా నొప్పి ఎక్కువై, అక్కడే ఒక సెంటరులో స్కానింగుకు వెళ్లాను. నా ఉద్యోగమేమిటో చెప్పలేదు. ఈ గొట్టంలోకి వందలమందిని పంపినవాణ్ణి, నేను మాత్రం ఒక్కసారీ పోలేదని ఒప్పుకోవాల్సి వస్తుంది కదా.

ఆ అమ్మాయికి పాతికేళ్లుండవు. యూనిఫాం మడతలు ఇంకా పోలేదు. "భయపడొద్దు సార్" అని మొదలుపెట్టింది. "లోపల ఊపిరాడకపోవడం ఏమీ ఉండదు. మధ్యలో ఆగిపోయినా మేం బయటికి తీసేస్తాం." నా పాత లిస్టే, దాదాపు అదే వరసలో. సరిదిద్దుదామని నోరు తెరిచాను. అప్పటికే బల్ల కదిలింది.

లోపల, నిజం చెప్పాలంటే, ఇరుకే. ముక్కుకు జానెడు దూరంలో పైకప్పు. చేతిలో బుడ్డ మీద వేళ్లు బిగుసుకుంటున్నాయి. నా బొటనవేలు పట్టుకునేవాళ్లెవరూ లేరు. నొక్కేద్దామా అనుకుంటుండగా మైకులో గొంతు వచ్చింది. "సార్... ఇంకొక్క... ఆరు నిమిషాలే సార్." ఆ గొంతు సన్నగా వణుకుతోంది. బహుశా ఈ ఉదయం ఇంకెవరో బల్ల దిగి బస్టాండుకు నడిచి ఉంటారు. పాపం, అనుకున్నాను. నేను కూడా కదిలితే ఈ పిల్ల ఏడుస్తుందేమో. వేళ్లు వదులు చేశాను. మళ్లీ డబడబా మొదలైంది. ఎర్రమట్టి, కేసింగు, నల్లరాయి. నేను చక్కగా వేపచెట్టు నీడన పడుకున్నాను.

బయటికొచ్చాక ఆ అమ్మాయి ముఖం వెలిగిపోతోంది. "అసలు కదల్లేదు సార్ మీరు! నేను చెప్పింది బాగా పనిచేసింది కదా సార్?"

"చాలా బాగా పనిచేసిందమ్మా" అన్నాను. అసలు సంగతి అప్పుడే చెప్పదలచుకోలేదు. టెంకాయ తీసుకుని మళ్లీ రావడానికి ఇంకా నాలుగు నెలలు టైముంది.